గడువు దాటిన వరుసకు ఎరుపు ఎక్కడ వేయాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. కంప్యూటరులో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి.)

ప్రశ్న: గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను లెక్కలు చూస్తాను. రైతులూ వ్యాపారులూ దాచుకున్న టిక్కీల (మిర్చి బస్తాల) వివరాలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఉన్నాయి. రోజూ ఉదయం టెర్మినల్‌లో (ఆదేశాలు కొట్టే కిటికీలో) ఆ డేటాబేసును ప్రశ్నించే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామును తెరిచి, లాటు నంబరు, రకం, టిక్కీల సంఖ్య, సరుకు దించి ఎన్ని రోజులైందీ చూపే క్వెరీ ఒకటి నడుపుతాను. నాలుగైదు వందల వరుసలు వస్తాయి. వాటిలో 240 రోజులు దాటిన లాట్లు ఎర్రగా కనిపించాలని, షరతును బట్టి విలువ ఇచ్చే కేస్ వాక్యంలో సీహెచ్‌ఆర్ 27తో రంగు కోడ్ కలిపి చూశాను. రంగు రాలేదు సరికదా, గడుల నిండా \ఎక్స్1బి[31ఎమ్ అనే చెత్త కనిపిస్తోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ క్వెరీలో పొరపాటు లేదు. రంగు కోడ్ డేటాబేసులో బయలుదేరి పీఎస్‌క్యూఎల్ దాకా చెక్కుచెదరకుండానే వచ్చింది. దాన్ని ఆపింది పీఎస్‌క్యూఎలే. ఫలితాన్ని నిలువు గీతల మధ్య పట్టికగా సర్దే ముందు ఆ ప్రోగ్రాము ప్రతి గడిలోని అక్షరాలనూ ఒక్కొక్కటిగా చూసి, అవి తెరపై ఎంత చోటు తీసుకుంటాయో లెక్క కడుతుంది. ఆస్కీ పట్టికలో 27వ సంఖ్య గల ఎస్కేప్ తెరపై కనిపించే అక్షరం కాదు, టెర్మినల్‌కు ఆజ్ఞ ఇచ్చే అక్షరం. అటువంటిది గడిలో ఎదురైనప్పుడు పీఎస్‌క్యూఎల్ దాన్ని ఉన్నది ఉన్నట్లుగా పంపకుండా, బ్యాక్‌స్లాష్ ఎక్స్ అని రాసి దాని పక్కన షోడశాంశ (హెక్సాడెసిమల్) విలువను చూపుతుంది. 27కు షోడశాంశ రూపం 1బి కనుక మీకు ఆ అక్షరాలు కనిపించాయి.

దీన్ని అడ్డంకిగా కాక కాపలాగా భావించమని కోరుతున్నాను. ఎస్కేప్‌తో మొదలయ్యే ఆజ్ఞలు రంగులు మార్చడంతో ఆగవు. కర్సర్‌ను పై గీతకు తీసుకుపోగలవు, అక్కడున్నదాన్ని చెరిపేయగలవు, కిటికీ పేరును మార్చగలవు. వెబ్ ఫారంలో పేరు రాయవలసిన చోట ఎవరైనా అటువంటి ఆజ్ఞను జొప్పించారనుకోండి. పీఎస్‌క్యూఎల్ దాన్ని అలాగే వదిలితే, పట్టికలో ఉన్న వరుస ఒకటి, మీ తెరపై కనిపించే వరుస ఇంకొకటి అవుతుంది. బకాయి లెక్కలు చూసే మనిషికి అంతకన్నా ప్రమాదం ఉండదు.

బ్యాక్‌స్లాష్ పీసెట్ ఫార్మాట్ అనలైన్డ్ అని ఆదేశిస్తే ఈ కాపలా తొలగి, మీ క్వెరీలోని రంగు తెరపైకి వస్తుంది. అయితే దానితోపాటు పట్టిక రూపం పోయి గడులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ దారి నేను సూచించను. దానికి పట్టిక పోవడం ఒక కారణమైతే, రంగు కోడ్‌ను క్వెరీలో పెట్టడమే సరికాకపోవడం ఇంకా పెద్ద కారణం. అదే క్వెరీ ఫలితాన్ని రేపు మీరు సీఎస్‌వీగా తీసి ఆడిటరుకు పంపుతారు, లేదా వేరొక ప్రోగ్రాముకు అందిస్తారు. 251 అనే సంఖ్య ఉండవలసిన గడిలో ఎస్కేప్, చతురస్రపు బ్రాకెట్, 31, ఎమ్, ఆ తరువాత 251, దాని వెనుక మరో కోడ్ చేరితే అది ఇక సంఖ్య కాదు. దాన్ని కూడలేరు, వరుస క్రమంలో పేర్చలేరు. రంగు చూసే కంటికి సంబంధించినది, సరుకు లెక్కకు సంబంధించినది కాదు. అందువల్ల అది కంటికి అతి దగ్గరగా ఉన్న దశలో, అంటే తెరపైకి చేరే ముందు చివరి మెట్టులో పడాలి.

ఆ చివరి మెట్టే పేజర్. ఫలితం తెరకన్నా పొడవుగా ఉన్నప్పుడు పీఎస్‌క్యూఎల్ దాన్ని నేరుగా చూపకుండా, తెర తెరగా చూపే లెస్ వంటి ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రాము ఏదై ఉండాలో చెప్పే అధికారం మీది. పట్టికగా సర్దడం అప్పటికే పూర్తయి ఉంటుంది కనుక అక్కడ కలిపే రంగు కోడ్ వల్ల గీతలు చెదరవు.

నేను ఏళ్లుగా వాడుతున్న పద్ధతి చెబుతాను. క్వెరీలో మొదటి కాలమ్‌గా ‘గుర్తు’ అనే పేరుతో ఒక కేస్ వాక్యం రాయండి. రోజులు 240 దాటితే రెండు ఆశ్చర్యార్థకాలు, 210 దాటితే ఒకటి, లేకపోతే ఖాళీ. ఏ లాటు గడువు దాటిందో తేల్చే బాధ్యత ఇక్కడితో, డేటాబేసులోనే ముగుస్తుంది. ఆ తరువాత, వచ్చే పాఠాన్ని ఒక్కొక్క వరుసగా చదివి మార్చే ఆక్ భాషలో రెండే నియమాలున్న చిన్న ప్రోగ్రామును ఒక ఫైలులో రాసుకోండి. వరుస ఒక ఖాళీతోనూ రెండు ఆశ్చర్యార్థకాలతోనూ మొదలైతే దాని ముందు ఎరుపు కోడ్, చివర ముగింపు కోడ్ చేర్చి ముద్రించాలి. ఒకే ఆశ్చర్యార్థకంతో మొదలైతే పసుపు కోడ్ చేర్చాలి. మిగిలిన వరుసలను ఉన్నవున్నట్లు వదలాలి. ఆక్‌లో ఎస్కేప్ అక్షరాన్ని బ్యాక్‌స్లాష్ 033 అని అష్టాంశంలో (ఆక్టల్‌లో) రాస్తే లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. పాఠాన్ని మార్చే మరో ప్రోగ్రాము సెడ్‌తో కూడా ఇదే పని చేయవచ్చు కానీ ఎస్కేప్‌ను రాసే తీరు ఈ రెండింటి సెడ్‌లలో ఒకేలా ఉండదు. నేను ఆక్‌కే ఓటు వేస్తాను.

అప్పుడు ‘!! | 1187 | తేజ | 42 | 251’ అనే వరుస మొత్తం ఎర్రగా వస్తుంది. దాని కింద 96 రోజుల క్రితం దించిన 334 రకం లాటు మామూలు రంగులోనే ఉంటుంది. ఎరుపును ఏ ఒక్క గడికో పరిమితం చేయకుండా వరుస మొత్తానికీ పూయమనడానికి కారణం ఉంది. వందల వరుసల మధ్య ఎర్రని సంఖ్యను పట్టుకున్న కన్ను, దాని లాటు నంబరు కోసం ఎడమవైపు జరిగేటప్పుడు పై గీతకో కింది గీతకో జారిపోతుంది.

కోడ్ నిర్మాణం సులభమే. ఎస్కేప్, తెరిచిన చతురస్రపు బ్రాకెట్, సంఖ్య, చివర చిన్న ఎమ్. అక్షరాల రంగుకు 30 నుంచి 37 వరకు, వెనుక రంగుకు 40 నుంచి 47 వరకు సంఖ్యలు ఉన్నాయి. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు. సున్నా వేస్తే అన్నీ రద్దై మామూలు స్థితి వస్తుంది. 1 బొద్దు అక్షరాలకు, 7 ముందు వెనుక రంగుల తారుమారుకు వాడతారు. రెండింటిని సెమికోలన్‌తో కలిపి 1;31 అని కూడా రాయవచ్చు. ఈ పద్ధతికి 1976లో వెలువడిన ఈసీఎమ్‌ఏ-48 ప్రమాణం పునాది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 టెర్మినల్ ఈ తరహా ఆజ్ఞలను వాడుకలోకి తెచ్చింది. వీటీ100కు రంగులు లేవు. దాని బొద్దు, అడుగు గీత, తారుమారు మాత్రం నేటికీ అవే సంఖ్యలతో పనిచేస్తున్నాయి. 38;5 అని మొదలుపెడితే 256 రంగుల పట్టిక అందుబాటులోకి వస్తుంది కానీ మీ పనికి మొదటి ఎనిమిదే చాలు.

ఇక పేజర్ ఏర్పాటు. ఆక్ ప్రోగ్రాము ఫలితాన్ని లెస్‌కు అందించే గొట్టాన్ని (పైప్‌ను) చిన్న షెల్ ఫైలుగా రాసి, దానికి నడిచే అనుమతి ఇచ్చి, పీఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ పేజర్ అనే పర్యావరణ చరరాశిలో (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో) ఆ ఫైలు దారిని పెట్టండి. ఈ చరరాశి పోస్ట్‌గ్రెస్ 11 నుంచి ఉంది. అంతకన్నా పాతదైతే పేజర్ అనే సాధారణ చరరాశినే వాడాలి కానీ అది మ్యాన్ వంటి ఇతర ప్రోగ్రాములకు కూడా వర్తిస్తుంది. లెస్‌కు పెద్ద ఆర్, పెద్ద ఎస్, పెద్ద ఎఫ్, పెద్ద ఎక్స్ అనే ఐచ్ఛికాలు ఇవ్వండి. పెద్ద ఆర్ రంగు కోడ్‌లను అనుమతిస్తుంది, పెద్ద ఎస్ పొడవైన వరుసలను మడవకుండా పక్కకు జరుపుకొనే వీలిస్తుంది, మిగిలిన రెండూ ఒక తెరలో పట్టే ఫలితాన్ని చూపి వెంటనే తప్పుకొనేలా చేస్తాయి. చిన్న ఆర్ మాత్రం వాడకండి. పెద్ద ఆర్ రంగులకు మాత్రమే తలుపు తీస్తే, చిన్న ఆర్ అన్ని అదుపు అక్షరాలకూ తీస్తుంది. పీఎస్‌క్యూఎల్ పెట్టిన కాపలాను మనమే తీసేసినట్లు కాకూడదు కదా.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి, ‘నిన్న రంగు వచ్చింది, ఈ రోజు రాలేదు’ అని రాస్తారు. ఫలితం తెరలో పట్టేటంత చిన్నదైతే పీఎస్‌క్యూఎల్ పేజర్‌ను పిలవదు. బ్యాక్‌స్లాష్ పీసెట్ పేజర్ ఆల్వేస్ అనే ఆదేశాన్ని, పీఎస్‌క్యూఎల్ మొదలయ్యేటప్పుడు చదివే పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైలులో చేర్చితే పన్నెండు వరుసలు వచ్చినా రంగు పడుతుంది. అలాగే బ్యాక్‌స్లాష్ పీసెట్ బోర్డర్ 2 పెట్టుకున్నవారికి ప్రతి వరుస నిలువు గీతతో మొదలవుతుంది కనుక ఆక్ నియమంలో ఆ గీతను కూడా చేర్చాలి. లైన్‌స్టైల్ యూనికోడ్ పెట్టుకుంటే ఆ గీత కీబోర్డు మీది నిలువు గీత కాక వేరే అక్షరం అవుతుంది. బ్యాక్‌స్లాష్ ఎక్స్‌తో నిలువుగా చూసేటప్పుడు ఒక రికార్డు అనేక గీతలుగా విడిపోతుంది కనుక ఈ నియమం పనిచేయదు.

రాత్రిపూట క్రాన్ ద్వారా (పెట్టిన వేళకు పనులను తానే నడిపే ఏర్పాటుతో) నడిచే రిపోర్టుల గురించి దిగులు వద్దు. ఫలితం టెర్మినల్‌కు కాక ఫైలుకు వెళుతున్నప్పుడు పీఎస్‌క్యూఎల్ పేజర్ జోలికే పోదు కనుక ఆ ఫైళ్లలో రంగు కోడ్‌లు చేరవు, ఆశ్చర్యార్థకాలు మాత్రం ఉంటాయి. గుర్తును కాలమ్‌గా పెట్టమని పట్టుబట్టింది అందుకే. కాగితంపై నలుపు తెలుపుల్లో ముద్రించినా, వాట్సాప్‌లో అతికించి యజమానికి పంపినా గడువు దాటిన లాటు తెలిసిపోతుంది. ఎరుపు ఆకుపచ్చల తేడా కనిపించనివారు మన మధ్యే ఉన్నారు. ఆ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండడం వల్ల అది మగవారిలో ఎక్కువ. మీ గుమస్తాలలో ఒకరికి అది ఉన్నా వారు చెప్పకపోవచ్చు, కొన్నిసార్లు వారికే తెలియకపోవచ్చు. రంగును ఒంటరి సాక్షిగా నిలబెట్టకండి.

ఇంకొక మాట. మీ ప్రశ్నలో వరుసలను క్రమంలో పేర్చే ఆర్డర్ బై గురించి ప్రస్తావన లేదు. గడిచిన రోజుల ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చితే ఎర్రవన్నీ పైనే వస్తాయి. లాటు నంబరు క్రమంలోనే చూడవలసిన అవసరం ఉన్నప్పుడు రంగు విలువ నిజంగా తెలుస్తుంది.

సొంతంగా ఫైళ్లు రాసుకోవడం ఇష్టం లేనివారు పీఎస్‌పీజీ అనే పేజర్‌ను చూడవచ్చు. పోస్ట్‌గ్రెస్ అభివృద్ధిలో పాలుపంచుకొనే చెక్ దేశీయుడు పావెల్ స్టెహులే దాన్ని రాశారు. అది పట్టికను పట్టికగా గుర్తిస్తుంది, పక్కకు జరిపినా మొదటి కాలమ్‌ను, కిందికి జరిపినా శీర్షికలను కదలనివ్వదు, రంగుల అమరికలు అనేకం ఇస్తుంది. వెడల్పాటి పట్టికలకు నేను దాన్నే వాడతాను. విలువను బట్టి వరుసకు రంగు వేయడానికి మాత్రం ఆక్ దారే నాకు నచ్చింది.

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలలో మైఎస్‌క్యూఎల్ డేటాబేసు వాడతాం. క్వెరీలోనే రంగు కోడ్ పెడితే రంగు వస్తోంది కానీ ఆ వరుసలో కుడివైపు గీత లోపలికి జరిగిపోతోంది. దీన్ని సరిచేయడం ఎలా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మైఎస్‌క్యూఎల్ క్లయింటు ఎస్కేప్‌ను ఆపదు, అలాగే పంపుతుంది. అయితే గడి వెడల్పు లెక్కలో బ్రాకెట్, 31, ఎమ్ కూడా అక్షరాలుగానే చేరతాయి. టెర్మినల్ వాటిని ఆజ్ఞగా మింగేయడంతో అంత చోటు తగ్గి గీత లోపలికి వస్తుంది. కనుక ఇక్కడ కూడా పై పద్ధతే శ్రేయస్కరం.

మైఎస్‌క్యూఎల్ లోపలే పేజర్ అనే ఆదేశం ఉంది. దాని పక్కన మీ గొట్టాన్ని పూర్తిగా రాస్తే ఆ క్షణం నుంచి ప్రతి ఫలితమూ దాని గుండానే వస్తుంది. నోపేజర్ అంటే పాత స్థితి. మైఎస్‌క్యూఎల్‌లో వరుస నిలువు గీతతో మొదలవుతుంది కనుక నియమంలో గీత, ఖాళీ, రెండు ఆశ్చర్యార్థకాలు ఉండాలి. ఆక్‌లో నిలువు గీతకు ‘ఇది లేదా అది’ అనే అర్థం ఉండడం వల్ల దాన్ని చతురస్రపు బ్రాకెట్లలో బంధించడం మరవకండి. ఇది మరచినవారికి పట్టిక మొత్తం ఎర్రబడుతుంది. ఈ పేజర్ ఆదేశం విండోస్‌లో పనిచేయదు. మీ ప్రయోగశాల యంత్రాలు విండోస్‌వి అయితే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే సౌకర్యం) లోపల లినక్స్ క్లయింటును వాడండి.

ప్రశ్న: అసలు డేటాబేసుకూ పరీక్ష డేటాబేసుకూ ఒకేలాంటి నల్ల కిటికీలు తెరిచి ఉంటాయి. ఫలితాలకు కాక, ఆదేశం కొట్టే చోట ముందుగా కనిపించే ప్రాంప్టుకే రంగు వేయడం సాధ్యమా?
– ఒక పాఠకుడు, పుణే

జవాబు: సాధ్యమే. ఫలితాల రంగుకన్నా ముందు చేయవలసిన పని కూడా ఇదేనని నా నమ్మకం. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట, పరీక్ష కిటికీ అనుకుని అసలు కిటికీలో డిలీట్ వాక్యం నడిపాను. ఎన్ని వరుసలు పోయాయో చెప్పే సంఖ్య తెరపై పడిన తరువాత గానీ పొరపాటు తెలియలేదు. బ్యాకప్ ఉండబట్టి ఆ రాత్రంతా కూర్చుని తిరిగి నింపగలిగాం. ఆ మర్నాడే ప్రాంప్టులకు రంగు వేశాను.

పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైలులో ప్రాంప్ట్1 అనే చరరాశికి విలువ ఇవ్వాలి. ఎస్కేప్‌ను శాతం గుర్తు పక్కన 033 అని రాస్తారు. రంగు కోడ్‌కు ముందు శాతం గుర్తుతో తెరిచిన చతురస్రపు బ్రాకెట్, వెనుక శాతం గుర్తుతో మూసిన బ్రాకెట్ తప్పనిసరిగా ఉండాలి. వీటి మధ్య ఉన్నది తెరపై చోటు తీసుకోదని, మీరు కొట్టే పంక్తిని సవరించే భాగానికి చెప్పేవి అవే. అవి లేకపోతే పొడవైన క్వెరీ తెర అంచు దాటినప్పుడు కింది గీతకు పోకుండా అదే గీత మీద పడి కలగాపులగం అవుతుంది.

డేటాబేసును బట్టి రంగు మారాలంటే ప్రస్తుత డేటాబేసు పేరును అసలు పేరుతో పోల్చే క్వెరీ రాసి, బ్యాక్‌స్లాష్ జీసెట్‌తో జవాబును చరరాశిలో పెట్టి, బ్యాక్‌స్లాష్ ఇఫ్‌తో ఎరుపో ఆకుపచ్చో ఎంచుకోవచ్చు. ఇఫ్ సౌకర్యం పోస్ట్‌గ్రెస్ 10లో వచ్చింది. అయితే పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ప్రారంభంలో ఒకసారే నడుస్తుంది. మధ్యలో బ్యాక్‌స్లాష్ సీతో వేరే డేటాబేసుకు మారితే పేరు మారుతుంది, రంగు మారదు. ఆకుపచ్చ ప్రాంప్టుతో అసలు డేటాబేసులో కూర్చోవడం రంగు లేకపోవడంకన్నా ప్రమాదం. అందువల్ల ప్రాంప్టులో డేటాబేసు పేరు కూడా తప్పక చూపండి, డేటాబేసు మారవలసి వస్తే కొత్తగా పీఎస్‌క్యూఎల్ తెరవండి.

ప్రశ్న: గ్రంథాలయ పట్టికలో పుస్తకాల పేర్లు తెలుగులో ఉన్నాయి. రంగు వేసినా వేయకపోయినా గీతలు వంకరగానే ఉంటున్నాయి. తెలుగుకు పరిష్కారం లేదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇది రంగు వల్ల వచ్చినది కాదు, వెడల్పు లెక్క వల్ల వచ్చినది. టెర్మినల్ తెర సమానమైన గడుల పలక. ఏ అక్షరానికి ఎన్ని గడులో ప్రోగ్రాములు యూనికోడ్ వర్గాలను చూసి లెక్కిస్తాయి. తెలుగులో గుడికి, ఎత్వానికి, పొల్లుకు ఆ లెక్కలో చోటు సున్నా. కొమ్ముకు, సున్నకు మాత్రం ఒక్కొక్క గడి. ‘కిరణ్’ అనే పేరులో ఐదు సంకేతాలుంటే మూడు గడులే లెక్కకు వస్తాయి. ‘గుంటూరు’లో మన కంటికి మూడే అక్షరాలు కనిపించినా ఏడు సంకేతాలూ ఏడు గడులుగా లెక్కకు వస్తాయి. ఫాంటు వాటిని కలిపి గీసేటప్పుడు ఈ లెక్కను పాటించదు కనుక గీత వంకరపోతుంది. టెర్మినల్ మార్చి చూస్తే వంకర కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోదు.

క్వెరీలో తెలుగు కాలమ్‌ను చివరకు జరపండి. దాని తరువాత గీత గీయవలసిన కాలమ్ ఉండదు కనుక వంకర కనిపించే చోటే ఉండదు. గుర్తు మొదట, సంఖ్యలూ తేదీలూ మధ్యలో, తెలుగు పేరు చివర. తెలుగు కాలమ్‌లు రెండు మూడు ఉంటే బ్యాక్‌స్లాష్ ఎక్స్‌తో నిలువుగా చూడడం మేలు. ఆ రూపంలో ఆక్ వరుస మొత్తానికి రంగు వేయలేదు కానీ, ‘గుర్తు’ అనే పేరుతో మొదలై ఆశ్చర్యార్థకాలున్న ఒక్క గీతకు వేయగలదు. ఆ గీత ప్రతి రికార్డుకూ తలకట్టులా పైనే వస్తుంది కనుక, తిరిగి రాని పుస్తకం ఏదో తెలియడానికి అది సరిపోతుంది.